పిల్లి చేతిలో ఉంది

చెయ్యి భుజం దాకా పోయింది, ఇంక పోదు. డార్లిస్ తమ ఇల్లూ బండీ అయిన మోటార్‌హోమ్ నేల మీద బోర్లా పడుకుని, చెంప చల్లటి రబ్బరు చాపకి ఆనించి, సోఫా కింద గోడకీ నేలకీ మధ్య సందులోకి కుడిచెయ్యి దూర్చి ఉంది. ఆ చివర వేళ్లకి బొచ్చు తగులుతోంది. మెత్తగా ఉంది. కదలడం లేదు. కదలకపోతేనేం, భయపడి బిగుసుకుపోయి ఉంటుంది, పిల్లులు అంతే, ఉరుములొస్తే ఇది ఇలాగే రాయిలా అయిపోతుంది, వెచ్చగానే ఉంది కదా, ఉందా, లేక పక్కనుంచి పోయే వేడిగాలి గొట్టం వెచ్చదనమా అది. "గాస్కెట్," అంది మెల్లిగా, "గాస్కెట్, నేనే, అమ్మని." సందులోంచి ఏ శబ్దమూ లేదు. నేల కింద మాత్రం ఎవరో మట్టిలో వెల్లకిలా జరుగుతున్న చప్పుడు, పానా ఇనుముకి తగిలిన చప్పుడు. ఆర్విడ్. ఆమె మొగుడు, డెబ్బై దాటిన మనిషి, నడుం పట్టేసే మనిషి, రాత్రి కురిసిన మంచుకి తడిసిన గడ్డి మీద పడుకుని బండి పొట్ట విప్పుతున్నాడు.

ఈ బండికి ఒక పక్క గోడ మొత్తం, సోఫాతో, భోజనబల్లతో సహా, స్విచ్చి నొక్కితే బయటికి జరుగుతుంది. ఆగినచోట బండి ఇల్లవుతుంది. బయల్దేరేముందు మళ్లీ నొక్కి లోపలికి లాక్కోవాలి, లాక్కునేటప్పుడు దాని కింద ఏదున్నా నలిగిపోతుంది. పిల్లిని పెట్టుకుని తిరిగే ప్రతి బండివాళ్లకీ ఇది తెలుసు. క్యాంపుల్లో మంటచుట్టూ కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు ఆ కథ మొదలుపెడతారు, అరిజోనాలో ఎవరిదో బూడిదరంగు పిల్లి అని, మొదలుపెట్టినవాళ్లే మధ్యలో మిగిలిన కాఫీ నిప్పుల మీద పారబోసి లేచిపోతారు, చివరిదాకా చెప్పినవాళ్లని డార్లిస్ చూడలేదు. అందుకే వీళ్లిద్దరికీ ఒక పద్ధతి ఉంది. ఒకరు గాస్కెట్‌ని ఎత్తుకుని గట్టిగా చెప్పాలి, పిల్లి చేతిలో ఉంది అని. రెండోవాళ్లు తిరిగి చెప్పాలి, చేతిలో ఉంది అని. అప్పుడే స్విచ్చి. ఆ పద్ధతి పెట్టింది డార్లిసే. ఆర్విడ్ మొదట్లో నవ్వాడు, విమానం నడుపుతున్నామా ఏమిటి అన్నాడు, తర్వాత తనే ఎక్కువ పట్టుబట్టాడు. మంచం మీద కనబడింది అంటే ఒప్పుకునేవాడు కాదు. కనబడ్డమెందుకు, చేతిలో ఉందా లేదా చెప్పు అనేవాడు. ఇవాళ ఆ మాట ఎవరూ అనలేదు. అనాలంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. నిన్న రాత్రినుంచి మాటల్లేవు. తను బల్ల తుడిచింది, కప్పులు సర్దింది, బీరువా తలుపులకి గొళ్లేలు పెట్టింది, చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోయింది. గోడ జానెడు లోపలికొచ్చింది. అప్పుడు మెత్తగా ఏదో నలిగిన చప్పుడు, దాని వెనకే సన్నగా ఒక అరుపు. అరుపో, మర ఇరుసు కీచుమనడమో. వేలు తీసేసింది. ఇంక లోపలికి నొక్కితే ఏమవుతుందో తెలియదు, బయటికి నొక్కినా ఏమవుతుందో తెలియదు.

డార్లిస్ బడి బస్సు నడిపింది ఇరవై ఏళ్లకు పైగా. రోజూ ఆఖరి పిల్లని దింపాక షెడ్డులో బస్సు ఆపి, వెనక సీటుదాకా నడిచివెళ్లి, ప్రతి సీటునీ చేత్తో తాకి, వంగి కింద చూసి, అప్పుడు దిగేది. అందరు డ్రైవర్లకీ ఉన్న నియమమే. కొందరు అద్దంలో చూసి సరిపెట్టుకునేవాళ్లు. డార్లిస్ ఎప్పుడూ సరిపెట్టుకోలేదు, జ్వరంతో ఉన్నా సరే, తల్లి పోయిన రోజు కూడా సరే. ఒక ఫిబ్రవరిలో, బయట మంచు తుఫాను, ఆఖరి సీటు కింద ఎర్ర బూట్లు కనిపించాయి. వెచ్చదనం కోసం నేల మీద ముడుచుకుని ఒక చిన్నపిల్ల నిద్రపోతోంది, టోపీ కళ్లమీదికి జారి. నాలుగో వీధిలో దిగాల్సిన పిల్ల. ఎత్తుకుంటే బరువే లేదు. ఆ పిల్ల నిద్రలోనే ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసింది, ఆ చెయ్యి ఇప్పటికీ మెడ మీద ఉన్నట్టే ఉంటుంది ఒక్కోసారి, ముఖ్యంగా చలికాలంలో. సొంత పిల్లలు లేరు. దాని గురించి ఎవరైనా అడిగితే, ఉన్నారుగా, బస్సునిండా ఉన్నారు అనేది. అన్నేళ్లు ఒక్క తల లెక్క తప్పనిది, ఇవాళ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క తలని వదిలేసింది. వేళ్లు బొచ్చుని మళ్లీ నిమిరాయి. ముందుకి నిమిరితే నున్నగా ఉంది, వెనక్కి నిమిరితే పెళుసుగా. గాస్కెట్ వీపు ఇలా పెళుసుగా ఉండదే. భయంతో వెంట్రుకలు లేచి ఉంటాయి.

గాస్కెట్ వచ్చింది ఇంజనులోంచి. కాన్సస్‌లో ఎక్కడో, పొద్దుతిరుగుడు చేల పక్కనున్న క్యాంపులో, ఆర్విడ్ బండి ముందు మూత ఎత్తి లోపల మియావ్ అంటోందేమిటి అన్నాడు. బెల్టు పాడైందేమో అని తాళం తిప్పబోయి ఆగాడు. గుప్పెడంత పిల్ల, నల్లగా, సగం నలుపు దానిది, సగం నూనెది. పిల్లులంటే నాకు పడదు అని పొద్దున చెప్పిన మనిషి మధ్యాహ్నానికి దాన్ని చొక్కా లోపల వేసుకుని తిరుగుతున్నాడు. గాస్కెట్ అని పేరు పెట్టింది అతనే. కాగితం మిల్లులో జీవితమంతా మరలు బాగుచేసినవాడు, అతనికి తెలిసిన ముద్దుపేర్లు అవే. గాస్కెట్ అంటే రెండు ఇనుప ముక్కల మధ్య బిగించే పట్టీ, అది ఉందని ఎవరూ చూడరు డార్లీ, లేని రోజున అంతా కారిపోతుంది, అన్నాడు. మిల్లు మూసేశారు. మూసినవాళ్లు ఎక్కడో సరస్సు ఒడ్డున కూర్చుని ఉంటారు, వాళ్లకి మతిమరుపు వచ్చిందో లేదో చూసేవాళ్లు ఎవరూ ఉండరు, మిల్లువాళ్ల పింఛనే మరిచిపోయారు కదా, దాన్ని ఎవరూ జబ్బు అనలేదు. ఇల్లు అమ్మి ఈ పాత బండి కొన్నారు. వేసవిలో క్యాంపుల్లో మరుగుదొడ్లు కడిగి ఆ జీతం కింద ఉండే చోటు సంపాదించుకోవడం, సెప్టెంబరు ఆఖర్న ఎర్రనది లోయకి పోయి చక్కెర దుంపల గుట్టల దగ్గర పని, ఆ తర్వాత దక్షిణానికి. పక్క బండ్లలోని సెలవు జనం, అబ్బ ఎంత స్వేచ్ఛ మీది అంటారు. స్వేచ్ఛే మరి. మరుగుదొడ్డి కడిగేవాళ్ల స్వేచ్ఛ. కానీ పొద్దున్నే లేచేసరికి తలుపు ముందు నిన్న లేని సరస్సు ఉండటం, గాస్కెట్ మెడతాడుతో మంటగుంట చుట్టూ తిరిగి ప్రతి రాయినీ వాసన చూసి సరే ఇక్కడ ఉండొచ్చు అన్నట్టు తోక ఎత్తడం, ఆర్విడ్ దాని వెనకే తాడు పట్టుకుని అంతే బద్ధకంగా నడవడం, అది ఎవడూ ఇచ్చింది కాదు, ఎవడూ మూసెయ్యలేడు. దాన్ని మాత్రం డార్లిస్ ఎవరికోసమూ వదులుకోదు.

నిన్న రాత్రి మాత్రం వదులుకునేంత పని చేసింది. గాస్కెట్, వింటున్నావా. విను, నువ్వూ అక్కడే ఉన్నావు, బల్ల కింద. చలి మొదలైంది, దుంపల గుట్ట దగ్గర రాత్రి గాలికి చెవులు తెగిపోతాయి, టోపీ తీసి పెట్టుకో అంది తను. ఆర్విడ్ కుందేలు బొచ్చు టోపీ, చెవుల మీదికి రెండు రెక్కలు దిగేది, పెళ్లైన కొత్తలో తను కొన్నది. వెతికాడు. మంచం కింద, డ్రైవరు సీటు వెనక, బయటి అరల్లో. లేదు. నెబ్రాస్కాలో వదిలేసి ఉంటావు అంది. వదల్లేదు అన్నాడు. కెటిల్ బండి బంపరు మీద పెట్టి మరిచిపోయి నడిపావు, మొన్న గ్యాసు ఆపలేదు, ఇప్పుడు టోపీ, అని వేళ్ల మీద లెక్కపెట్టింది తను. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. నోరు ఆగలేదు. "మీ నాన్నలా తయారవుతున్నావు," అంది. ఆ ముసలాయన ఆఖరి రోజుల్లో టోపీ నెత్తిన పెట్టుకునే ఇల్లంతా టోపీ వెతికేవాడు. ఆర్విడ్ రోజూ పోయి, ఇదిగో నాన్నా అని టోపీ తీసి చూపించి మళ్లీ పెట్టేవాడు. ముసలాయన థాంక్యూ సార్ అనేవాడు, కొడుకుని సార్ అనేవాడు. నిన్న ఆ మాట విని ఆర్విడ్ ఫోర్కు పళ్లెంలో పెట్టేశాడు. ఆర్విడ్ జేబులోంచి బండి తాళాలు తీసి ఆమె పళ్లెం పక్కన పెట్టాడు. ఇకనుంచి నువ్వే నడుపు. వసంతం వచ్చాక బండి అమ్మేద్దాం. అంతే అన్నాడు. అరవలేదు. వాళ్ల ఊరి మగాళ్లు అరవరు, పళ్లెం కడిగి పడుకుంటారు.

పొద్దున కాఫీ దగ్గర ఇద్దరూ పిల్లితోనే మాట్లాడారు. గాస్కెట్, మీ అమ్మకి చెప్పు, పాలు అయిపోయాయని. గాస్కెట్, మీ నాన్నకి చెప్పు, నాకు కళ్లున్నాయని. పిల్లి అటొకసారి ఇటొకసారి చూసి లేచిపోయింది. ఎటు పోయిందో అప్పుడే చూసి ఉండాల్సింది. అతను బయటికి పోయి నీళ్ల గొట్టం విప్పాడు, మురుగు గొట్టం విప్పాడు, బండిని ఎత్తిపట్టిన జాకీలు దించాడు, ఆ చప్పుడుకే పిల్లి ఎక్కడో దూరుతుంది, ఎప్పుడూ అంతే, ప్రయాణమంటే దానికి కిట్టదు, ఇరవై మైళ్లు పోయాక గానీ బయటికి రాదు, వచ్చాక మాత్రం డ్యాష్‌బోర్డు మీద కూర్చుని రోడ్డు తనే చూపిస్తున్నట్టు చూస్తుంది. తను అరిచినప్పుడు, ఆర్విడ్ అని ఒక్కసారే అరిచింది, అతను పరిగెత్తుకొచ్చాడు. ఏమిటి అని అడగలేదు. జానెడు లోపలికొచ్చిన గోడని చూశాడు, ఆమె మొహం చూశాడు. బయటికి పోయాడు. నేల కిందనుంచి గొంతు వచ్చింది, నిన్న రాత్రి తర్వాత ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అదే. "బ్యాటరీ పీకేశాను. ఇంక ఎవరు నొక్కినా కదలదు. చెయ్యి మాత్రం తియ్యకు, దానికి నీ వాసన తెలియనీ."

తియ్యలేదు. భుజం లాగేస్తోంది, అరచెయ్యి మొద్దుబారుతోంది, ఏది బొచ్చో ఏది తన చర్మమో సరిగా తెలియడం లేదు. నీ చేతిలో ఉంది స్విచ్చి, నోట్లో ఉంది మాట, స్విచ్చి నొక్కావు, మాట అనేశావు, అని తనని తనే తిట్టుకుంది. ఆర్విడ్‌కి ఇప్పుడు అనాలనిపిస్తుంది కదా, మరిచిపోయింది ఎవరు డార్లీ అని. అనడేం. అననీ, అంటే బాగుండు. తను కెటిల్‌నీ గ్యాసునీ టోపీనీ వేళ్ల మీద లెక్కపెట్టినట్టు అతనూ లెక్కపెట్టొచ్చు. కింద పానా తిరుగుతోంది, ఒక్కో మరమేకూ విప్పి జేబులో వేసుకుంటున్నాడు, మట్టిలో పడేస్తే దొరకవని. దేన్నీ మరిచిపోవడం లేదు. ఈ బండి పొట్టలో ఏ రేకు ఎక్కడుందో చూడకుండానే చెబుతాడు. వణుకుతున్నాడా, చేతికి తొడుగులు వేసుకున్నాడో లేదో.

మెట్టు మీద బూటు చప్పుడు. క్యాంపు చూసుకునే మెర్ల్, మూడు చక్రాల బండేసుకుని అందరి దగ్గరికీ తిరిగే మనిషి. పదకొండింటికల్లా చోటు ఖాళీ చెయ్యాలి, తర్వాతవాళ్లు గేటు దగ్గర ఆగి ఉన్నారు, అదే చెప్పడానికి వచ్చాడు. తలుపులోంచి నేల మీద పడున్న డార్లిస్‌ని చూసి మాట మార్చాడు. "నడుం పట్టిందా, గుండె నొప్పా?" అన్నాడు. పిల్లి అని చెప్పింది. అతని మొహం ఎలా అయిందో ఆమెకి కనబడలేదు, బూట్లు మాత్రం ఒక మెట్టు వెనక్కి దిగడం కనబడింది. గేటు దగ్గరున్నవాళ్లని ఊళ్లోకి పంపి ఆపిల్ కేకు తినిరమ్మంటాను, తొందరేం లేదు, అన్నాడు. పోతూ పోతూ వంగి బండి కిందికి చూశాడు. "ఏం ఆర్విడూ, మా ఆవిడ కోసం కూడా నేనెప్పుడూ ఇలా మట్టిలో పడుకోలేదయ్యా."

"అందుకే నిన్ను వదిలి పోయింది," అన్నాడు కిందనుంచి ఆర్విడ్.

మెర్ల్ నవ్వాడు. డార్లిస్‌కి కూడా నవ్వొచ్చింది, నవ్వేసరికి ఛాతీ నేలకి నొక్కుకుని ఏడుపైపోయింది. సాయంత్రానికి దుంపల క్యాంపుకి చేరకపోతే కరెంటున్న చోటు ఇంకెవరికో పోతుంది. పోనీ. దుంపలు పోనీ, పని పోనీ, దుంపలున్నాయని చక్కెర తినేవాళ్లకి గుర్తుందా, మనం లేకపోతే వాళ్లకేం. గాస్కెట్, నువ్వు కదులు. ఒక్కసారి కదులు. కరువు నన్ను, మొన్న స్నానం చేయించినప్పుడు కరిచినట్టు, ఎముకదాకా కరువు, నేనేం అనను. నువ్వు లేకపోతే ఈ బండిలో ఇద్దరు ముసలాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు, ఎవరి ద్వారా మాట్లాడుకుంటారు. బండి అమ్మేస్తాడు. అమ్మేసి ఎక్కడో రెండు కిటికీల గదిలో అతను టోపీ వెతుకుతుంటే నేను రోజూ, ఇదిగో, నెత్తిన ఉంది అని చూపిస్తుండాలి. చూపిస్తాను. సార్ అని పిలవనీ, మేడమ్ అని పిలవనీ, చూపిస్తాను. ఆ మాట నిన్న ఎందుకు అనలేకపోయాను, మీ నాన్నలా అవుతున్నావు అన్నదాన్ని, అయితే నేనున్నాను అని ఎందుకు అనలేదు. సగం మాట అని సగం మింగేశాను. బొచ్చు చల్లగా ఉంది. ఇప్పుడు తెలుస్తోంది, వేడిగాలి ఆగిపోయింది, బ్యాటరీ పీకాడు కదా, గొట్టం చల్లబడింది, దాంతోపాటు ఇదీ చల్లబడింది. వెచ్చదనం దీనిది కాదు. మొదటినుంచీ కాదు.

"ఆర్విడ్," అంది. "అది చల్లబడిపోయింది."

పానా ఆగింది. కింద అతను ఊపిరి తీసుకోవడం వినబడింది, నేల అంత పల్చన. అతను అడిగాడు, "నీ వేళ్ల కింద ఏముంది, చెప్పు. తలా, తోకా?"

తడిమింది. మొద్దుబారిన వేళ్లతో చుట్టూ తడిమింది. "తల కాదు. ముద్దలా ఉంది. ఒక చెవి దొరికింది."

"చెవి ఎంతుంది?"

"చెవి ఎంతుండటమేంటి. చెవంతే." మళ్లీ తడిమింది. చెవి పొడుగ్గా పోతూనే ఉంది. "అరచెయ్యంత ఉంది," అంది.

కింద పానా మట్టిలో పడింది. తర్వాత రేకు ఒకటి కిర్రుమని వంగింది, టార్చి వెలుగు సందులోంచి సన్నగా పైకొచ్చి ఆమె ముక్కు మీద పడింది, చేతి కిందున్నది అవతలినుంచి ఎవరో లాగారు. వేళ్లలోంచి జారిపోయింది. "డార్లీ," అన్నాడు ఆర్విడ్, "ఇంతసేపూ నువ్వు లాలించింది నా టోపీని."

ఆమెకి ముందు అర్థం కాలేదు. టోపీ. గోడ కింద. ఎవరు పెట్టారు. అతను చెబుతూనే ఉన్నాడు, ఇక్కడ ఒక సంసారమే ఉంది, టోపీ ఉంది, నీ ఊలు మేజోడు ఒకటుంది, మెర్ల్ వాళ్ల గిన్నె తుడిచే గుడ్డలా ఉంది ఇంకోటి, అన్నీ లాక్కొచ్చి పక్కవేసుకుంది దొంగముండ, ఇరుసు టోపీని పట్టుకుని బిగుసుకుంది, అందుకే కీచుమంది, నువ్వు వేలు తీశావు, టోపీ లేకపోతే. అక్కడ ఆపేశాడు. వీళ్ల ఊరి మనుషులు ఆ వాక్యాన్ని పూర్తి చెయ్యరు. గాస్కెట్ ఏది అంది డార్లిస్. గొట్టం మీద, అన్నాడు, వెనక మూల, రెండు కళ్లు, నన్ను తిడుతోంది. రా అమ్మా. రా. నాన్నని. నిన్నేం అనను. అమ్మని కూడా అననులే.

డార్లిస్ చెయ్యి బయటికి తీసుకుంది. ముంజేతి నిండా దుమ్ము, గీతలు, వేళ్ల సందుల్లో తెల్లటి కుందేలు బొచ్చు. నల్లపిల్లి బొచ్చు ఒక్కటి లేదు. లేచి కూర్చుంది. బల్ల మీద తాళాలు నిన్న రాత్రి పెట్టినచోటే ఉన్నాయి, పొద్దున బల్ల తుడిచినప్పుడు వాటి చుట్టూ తుడిచింది తప్ప ముట్టుకోలేదు. నెబ్రాస్కాలో ఏదీ వదల్లేదు అతను. వదల్లేదు అన్నాడు, తను నమ్మలేదు. కెటిల్ మాట నిజమే, గ్యాసు మాట నిజమే, అవి ఎక్కడికీ పోవు, రేపు ఇంకోటి వస్తుంది, ఎల్లుండి ఇంకోటి. కానీ స్విచ్చి నొక్కింది తన వేలు. సీటు సీటునీ తాకి దిగే మనిషి వేలు.

ఆర్విడ్ మెట్టెక్కి లోపలికొచ్చాడు, వీపంతా బురద, గడ్డంలో గడ్డి, నెత్తిన ఒక రెక్క నలిగి గ్రీజు అంటిన టోపీ, కోటు బొత్తాల మధ్యలోంచి చిన్న నల్లటి తల. ఒకరినొకరు చూసుకున్నారు. క్షమించు అనే మాట వాళ్ల నోళ్లకి అలవాటు లేదు, బదులుగా డార్లిస్ కెటిల్ పొయ్యి మీద పెట్టింది. పెట్టాక, ఏదో తట్టి, "గ్యాసు వెలిగింది," అంది పైకి.

ఆర్విడ్ ఆమెని ఒక క్షణం చూశాడు. "వెలిగింది," అన్నాడు.

కాఫీ తాగి, గ్యాసు ఆరింది అని ఒకరు, ఆరింది అని ఒకరు చెప్పుకున్నాక, అతను మళ్లీ కిందికి దిగి రేకు బిగించి బ్యాటరీ తగిలించి వచ్చాడు. డార్లిస్ తాళాలు తీసి అతని ముందు పెట్టింది, వసంతం సంగతి వసంతంలో చూద్దాం అంది, ఎర్రనది దాకా నువ్వు నడుపు, అక్కడినుంచి నేను, పక్క సీట్లో ఉన్నవాళ్లు అన్నీ సరిచూసి పైకి చెప్పాలి. అతను తాళాలు తీసుకోలేదు, కోటులోంచి పిల్లిని తీసి ముందు ఆమెకిచ్చాడు. రెండు చేతులతో పట్టుకుంది. కుడిచెయ్యికి ఇంకా స్పర్శ లేదు, బరువు మాత్రం తెలిసింది, ఎర్ర బూట్ల పిల్ల లాంటి బరువు, గాస్కెట్ ఆమె మెడ కింద తల దూర్చి గ్రీజు పూసింది. ఆర్విడ్ గోడ దగ్గరికి పోయి స్విచ్చి మీద వేలు పెట్టాడు, నొక్కలేదు, టోపీ రెక్క ఒకటి పైకెత్తి చెవి ఆమె వైపు తిప్పి నిలబడ్డాడు.

"పిల్లి చేతిలో ఉంది," అంది డార్లిస్.